పత్తర్‌గట్టీ వైపు పుష్యరాగం కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి. షాపు పేరు రాయను. చార్మినార్ దగ్గర్లోనే, రీల్స్‌లో రోజూ రాళ్ళు ట్రేలో పోసి చూపిస్తుంటారే, వాళ్ళే. మీలో చాలామంది చూసే ఉంటారు.

తమ్ముడి జాతకం చూసి గురుబలం తక్కువగా ఉంది, కనకపుష్యరాగం పెట్టించండి అన్నారు పంతులుగారు. అమ్మ చిట్టీ ఎత్తిన డబ్బు తెచ్చింది. 5.04 క్యారెట్లు, క్యారెట్ 13,500 చొప్పున, చివరికి 68,000 ఇచ్చాం. చాయ్ తెప్పించారు, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టారు, ‘సిలోన్ పుష్యరాగం, మచ్చ లేదు చూడమ్మా’ అన్నారు. నిజంగానే తేనెలా ఉంది రాయి.

గురువారం నాటికి ఉంగరం కావాలని మా మెహదీపట్నం ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన రాయిని అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేశారు. ఏమీ మాట్లాడలేదు. కాటాలో పెట్టారు, 1.008 గ్రాములు. అంటే 5.04 క్యారెట్లే, తూకంలో మోసం లేదు. తర్వాత సొరుగులోంచి ఇంకెవరిదో పుష్యరాగం ఒకటి తీసి మా రాయి పక్కన పెట్టారు. మాది కొంచెం పెద్దగానే కనిపించింది. వాళ్ళది కాటాలో పెడితే మాకంటే ఎక్కువ తూగింది. ‘అమ్మా, ఇంత సైజు పుష్యరాగం ఏడు క్యారెట్ల పైనే ఉండాలి. ముందు ల్యాబులో చూపించుకోండి, తర్వాతే నేను ముట్టుకుంటా’ అన్నారు. కూలి వస్తుంది కదా అని ఊరుకోలేదు ఆయన. ఆయనకి దండం పెట్టాలి.

ల్యాబులో 900 తీసుకున్నారు. రాయిని చిన్న పరికరం అద్దం మీద పెట్టి రీడింగ్ చూశారు, అరగంటలో చెప్పేశారు. సిట్రిన్. పుష్యరాగానికి వక్రీభవన గుణకం, అంటే రాయిలో వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె, 1.76 దగ్గర రావాలట, మాకు 1.54 - 1.55 వచ్చింది. అంటే క్వార్ట్జ్. ఇసుకలో ఉండే సిలికాయే, ఇనుము వల్ల పసుపు రంగు వస్తుంది. బజారులో దొరికే సిట్రిన్‌లో చాలా భాగం ఊదా రంగు అమెథిస్ట్‌ని కాల్చి పసుపు చేసిందేనట. క్యారెట్ కొన్ని వందల్లో దొరికే రాయి.

అమ్మా నేనూ తిరిగి షాపుకి వెళ్ళాం. కౌంటర్‌లో అదే మనిషి. ల్యాబ్ రిపోర్టు ఇస్తే చేత్తో కూడా పట్టుకోలేదు. ‘బిల్లు చూసుకున్నరా అక్కా? దాంట్ల ఏం రాసుంది?’ అన్నాడు. తీసి చూస్తే ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, ‘నేచురల్ సిట్రిన్ టోపాజ్’ అని ఉంది. మీరు నోటితో పుష్యరాగం అన్నారు కదా అని అడిగాను. అప్పుడు ఫోన్ తీశాడు. టోపాజ్ అని కొట్టి, తెలుగు అర్థం వచ్చాక స్క్రీన్ అమ్మ మొహం ముందు పెట్టాడు. ‘చదువమ్మా, ఏముంది? పుష్యరాగమే కద? మేం ఎక్కడ అబద్ధం చెప్పినం?’

అమ్మ చదివింది. అవును, పుష్యరాగం అనే ఉంది. కొన్నరోజు ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టినవాడే ఇప్పుడు, ‘రాయి ఏదైనా నమ్మకం ఉంటే పనిచేస్తది, పక్కకు జరగండి, కస్టమర్లు వస్తున్నరు’ అన్నాడు. అమ్మ నిజంగానే పక్కకు జరిగింది. నాకు డబ్బు పోయినందుకు కాదు, అమ్మ అలా జరిగినందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

వాడి మోసమంతా ఆ ఒక్క మాటలో ఉంది. నిఘంటువులో టోపాజ్‌కి పుష్యరాగం అని రాస్తారు. జాతకాల్లో, నగల బజారులో కనకపుష్యరాగం అంటే పసుపు రంగు నీలమణి, ఇంగ్లీషులో ఎల్లో సఫైర్, హిందీలో పుఖ్‌రాజ్. అది కోరండం, అల్యూమినియం ఆక్సైడ్, కెంపు జాతిది. టోపాజ్ వేరు, అది అల్యూమినియం సిలికేట్, ఫ్లోరిన్ ఉంటుంది. సిట్రిన్ ఆ టోపాజ్ కూడా కాదు. గట్టిదనంలో కోరండం 9, టోపాజ్ 8, సిట్రిన్ 7. మూడు వేరు వేరు రాళ్ళు, మూడు వేరు ధరలు. ‘సిట్రిన్ టోపాజ్’ అన్నది క్వార్ట్జ్‌ని టోపాజ్‌గా చూపించడానికి బజారు పెట్టుకున్న పేరు. అంటే క్వార్ట్జ్‌కి టోపాజ్ పేరు, ఆ టోపాజ్‌కి తెలుగులో పుష్యరాగం పేరు, చివరికి మా దగ్గర పుఖ్‌రాజ్ ధర.

తప్పు నాదీ ఉంది. నేను చదువుకున్నదాన్ని, అమ్మ నన్ను నమ్మే వచ్చింది. బిల్లు మీద ‘నేచురల్’ అనే మాట చూడగానే మనసు కుదుటపడి మడిచి పర్సులో పెట్టేశాను. పక్కన ఉన్న రెండు మాటలు చదివి ఉంటే అక్కడే లేచి వచ్చేదాన్ని.

కొనేవాళ్ళు బిల్లు మీద ‘నేచురల్ ఎల్లో సఫైర్’ అనే రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి. డబ్బు కట్టే ముందే మీకు నచ్చిన ల్యాబుకి పంపమనండి, వాళ్ళిచ్చే కార్డు సరిపోదు. ల్యాబులో తయారుచేసిన సఫైర్‌కి కూడా రీడింగ్ 1.76 దగ్గరే వస్తుంది కాబట్టి మైక్రోస్కోప్‌లో కూడా చూడమని అడగండి. బంగారానికున్నట్టు రాయికి హాల్‌మార్క్ ఉండదు. గోమేధికం కొనేటప్పుడూ ఇదే జాగ్రత్త. అది హెస్సోనైట్ గార్నెట్, లోపల పాకం తిప్పినట్టు మెలికలు కనిపిస్తాయి. గుండ్రటి బుడగలు కనిపిస్తే గాజు అని అనుమానించండి.

ఈ ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రాయి, బిల్లు, రిపోర్టు మూడూ నా దగ్గరే ఉన్నాయి. అదే షాపులో పసుపు రాయి కొన్నవాళ్ళు ఉంటే మీ బిల్లు ఒకసారి తీసి చూడండి. ‘టోపాజ్’ అని ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.