‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ మొదటి ప్రెస్ అంటే వెంటనే డబ్బు పంపకండి, ముందు అట్ట వెనకవైపు అడగండి

నెల్లూరు, ఒంగోలు వైపు పాత ఎల్పీ రికార్డులు కొనే అన్నలకూ తమ్ముళ్ళకూ. పోయిన మే నెలలో ఈ ఆల్బమ్ మొదటి ప్రెస్ (విడుదలైనప్పుడు మొదటగా అచ్చేసిన రికార్డు) అనుకుని కొని నేను 4,800 రూపాయలు పోగొట్టుకున్నాను. అమ్మినతను ఇంకా అదే ఫొటోతో ప్రకటన పెడుతున్నాడు, అందుకే రాస్తున్నాను.

మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బృందం 1973లో తెచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ అంటే నాకు ప్రాణం. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్ ఒకే స్వరాన్ని పట్టుకుని పరుగెడుతుంటే బిల్లీ కోబమ్ డ్రమ్స్ వెనకనుంచి తరుముతుంటాయి. మొదటి ట్రాక్ 18 లెక్కల మీద నడుస్తుంది. కచేరీల్లో తాళం వేస్తూ కూర్చునే అలవాటున్నవాళ్ళకి ఆ లెక్క తొందరగానే చేతికి దొరుకుతుంది. ఈ మెక్‌లాఫ్లినే తర్వాత ‘శక్తి’ బృందంలో మన ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో కలిసి వాయించాడు. అలాంటి ఆల్బమ్ మొదటి ప్రెస్ కోసం మూడేళ్ళు వెతికాను.

‘1973 అమెరికా ప్రెస్, గీత కూడా లేదు’ అన్నాడు అమ్మినతను. ముందు అట్ట ఫొటో ఒక్కటే పంపాడు. వెనకవైపు అడిగితే, ‘రేపు పెడతా సార్, ఇంకొకరు కూడా అడుగుతున్నారు’ అన్నాడు. ఎక్కడ చేజారిపోతుందోనని టెన్షన్ పడి యూపీఐలో మొత్తం పంపేశాను. అదే నా తప్పు.

పార్సిల్ కావలికి వచ్చింది. విప్పి వెనక్కి తిప్పగానే మూలన బార్‌కోడ్! కొట్లలో బార్‌కోడ్ మొదటిసారి స్కాన్ చేసిందే 1974 జూన్‌లో. 1973 అట్ట మీదికి ఎలా వస్తుంది? బార్‌కోడ్ ఉన్నంత మాత్రాన నకిలీ అనలేం, కంపెనీ మళ్ళీ వేసిన రికార్డులకీ ఉంటుంది. కానీ వాటిని మళ్ళీ వేసినవని చెప్పి, ఆ ధరకే అమ్మాలి. నాకొచ్చింది అది కూడా కాదు. పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి చోట మ్యాట్రిక్స్ నంబరు (అది ఏ ప్రెస్సో గుర్తుపట్టే నంబరు) చెక్కి ఉండాలి. ఇందులో ఏమీ లేదు. అట్ట మీద అక్షరాలు మసగ్గా, జిరాక్స్ తీసినట్టున్నాయి.

రెండో వైపు పెట్టి విన్నాను. మొదట వచ్చే ‘వన్ వర్డ్’ దాదాపు పది నిమిషాల ట్రాక్, అందులో కోబమ్ సోలో ఉంది. సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్ళేలు) మోగాల్సిన చోట తక్కువ సైజు ఎంపీ3లో వచ్చే గరగర వచ్చింది. ఏదో ఫైలు నుంచి తీసి అచ్చేశారని నా అనుమానం. పైగా ఒక్క న్యూస్‌పేపర్ చుట్టి ఆ ఎండల్లో పంపడంతో డిస్కు పళ్ళెంలా వంగిపోయింది, ముల్లు పైకీ కిందికీ ఊగుతోంది.

ఫోన్ చేస్తే ‘విప్పాక వాపసు లేదు’ అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, డబ్బు ఇంకా రాలేదు. మీకు ఇలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి కూడా చెప్పండి.

డబ్బు పంపేముందు వెనక అట్ట ఫొటో, మ్యాట్రిక్స్ నంబరు ఫొటో, రెండో వైపు ముల్లు పెట్టి ఒక నిమిషం మోగించిన వీడియో అడగండి. నిజంగా రికార్డు చేతిలో ఉన్నవాడికి అది ఐదు నిమిషాల పని.

అతని ప్రకటన ఫొటోలో అట్ట కుడి పైమూల నలిగి ఉంటుంది. నాకొచ్చిన అట్టకు ఆ నలుగుడు లేదు. అంటే ఆ ఫొటో కూడా అతని సరుకుది కాదు. అది ఎక్కడ కనిపించినా డబ్బు పంపకండి.