ఎస్‌ఎస్‌డీ జాతకం: స్మార్ట్‌సీటీఎల్ మేలా, ఎన్‌వీఎంఈ కమాండ్ మేలా?

భీమవరంలో రొయ్యల మేత దుకాణానికో, తణుకులో రైసు మిల్లు ఆఫీసుకో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ చూస్తున్నారనుకోండి. "ఎస్‌ఎస్‌డీ కొత్తదేనండి బాబూ" అంటాడు అమ్మే ఆయన. కావచ్చు. కానీ ఆ మాట ఎస్‌ఎస్‌డీనే (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌నే) అడిగితే పోలా? లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో మెషీన్ ఆన్ చేసి ఒక కమాండ్ కొడితే ఎన్ని గంటలు నడిచిందో, ఎంత డేటా రాశారో అదే చెప్తుంది.

లోపల ఏ రకం డ్రైవ్ ఉందో చూడటానికి ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ చాలు, హైఫన్ ఓ పెట్టి నేమ్, రోటా గడులు అడగాలి. రోటా అనే గడిలో 1 ఉంటే తిరిగే హార్డ్ డిస్క్, 0 ఉంటే ఎస్‌ఎస్‌డీ. అంతకు మించి దాన్నుంచి ఏమీ ఆశించకండి.

డ్రైవ్ ఆరోగ్యం చెప్పే అసలు పోటీ స్మార్ట్‌సీటీఎల్, ఎన్‌వీఎంఈ అనే రెండు కమాండ్ల మధ్యే. స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీలో వచ్చే స్మార్ట్‌సీటీఎల్‌కి సాటా (పాత తరహా కనెక్షన్) డ్రైవ్ అయినా, ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన తరహా) అయినా ఒకటే. సుడోతో (అంటే అడ్మిన్ హక్కుతో), హైఫన్ ఏ పెట్టి నడిపితే వివరాలన్నీ ఇస్తుంది. ఎన్‌వీఎంఈ కమాండ్ పేరుకు తగ్గట్టు ఆ జాతి డ్రైవ్‌లతోనే మాట్లాడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో సాటా ఎస్‌ఎస్‌డీ ఉంటే దానికి కనిపించదు కూడా. మన ఊళ్లలో చేతులు మారే మెషీన్లలో రెండు రకాలూ తగులుతాయి కాబట్టి, ఒక్కటే నేర్చుకుంటానంటే నా ఓటు స్మార్ట్‌సీటీఎల్‌కే.

సాటాలో ఒక చిక్కుంది. అరుగుదలని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో, ఒక్కో నంబరు వరుసలో చూపిస్తుంది: శాంసంగ్‌లో 177వ నంబరు, ఇంటెల్‌లో 233. పైగా అక్కడ అంకె 100 నుంచి కిందికి దిగుతుంది. స్మార్ట్‌సీటీఎల్ తన దగ్గరున్న డ్రైవ్‌ల పట్టిక చూసి పేర్లు పెడుతుంది గానీ, అంకెను అర్థం చేసుకోవాల్సింది మనమే. ఎన్‌వీఎంఈలో ఈ గోల లేదు. 'పర్సంటేజ్ యూజ్డ్' అని నేరుగా ఉంటుంది, 0 నుంచి పైకి పోతుంది. అది 100 దాటినా డ్రైవ్ చచ్చిపోయినట్టు కాదు, కంపెనీ అంచనా వేసిన ఆయుష్షు అయిపోయినట్టు. రాసిన డేటా యూనిట్లలో ఉంటుంది. ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు, అంటే 20 లక్షల యూనిట్లు దాదాపు ఒక టీబీ. స్మార్ట్‌సీటీఎల్ ఆ లెక్క కట్టి పక్కనే చూపిస్తుంది. ఎన్‌వీఎంఈ కమాండ్ పాత వెర్షన్లలో మనమే కట్టుకోవాలి.

డెల్టాలో అన్నిటికంటే ముందు చూడాల్సింది 'అన్‌సేఫ్ షట్‌డౌన్స్'. వానాకాలం ఈదురుగాలికి కరెంటు పోవడం, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ టక్కున ఆగిపోవడం ఇక్కడ మామూలే. అలా ఆగిన ప్రతిసారీ ఈ అంకె ఒకటి పెరుగుతుంది. అంకె పెద్దగా ఉందని బేరం వదులుకోనక్కర్లేదు. దాంతోపాటు 'మీడియా ఎర్రర్స్' (డేటా సరిగా అందని సందర్భాల లెక్క) కూడా 0 కాకపోతే మాత్రం ఆ డ్రైవ్ మీద ఖాతా పుస్తకాలు పెట్టకండి. ఎన్‌వీఎంఈ డ్రైవ్ అయితే ఈ రెండూ ఏ కమాండ్‌లోనైనా కనిపిస్తాయి.

యూఎస్‌బీ డబ్బాలో పెట్టిన ఎస్‌ఎస్‌డీ అయితే ఎన్‌వీఎంఈ కమాండ్ సాధారణంగా పనికిరాదు. స్మార్ట్‌సీటీఎల్‌కి హైఫన్ డీ ఇచ్చి డబ్బాలోని చిప్ రకం చెప్తే చాలాసార్లు దారికొస్తుంది.

మరి ఎన్‌వీఎంఈ కమాండ్ ఎవరికి? ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చేవాళ్లకి, కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్) లోతు వివరాలు, నేమ్‌స్పేస్‌లు (డ్రైవ్‌లో విడిగా చేసిన భాగాలు) చూసేవాళ్లకి. సర్వర్లు చూసుకునే కుర్రాళ్లకి అది తప్పదు. కానీ అందులోనే ఫార్మాట్ అనే ఉపకమాండ్ కూడా ఉంది. పొరపాటున కొడితే డ్రైవ్‌లో డేటా మొత్తం ఊడ్చిపెట్టుకుపోతుంది. అందుకే దుకాణంలో లెక్కలు రాసే అబ్బాయికి స్మార్ట్‌సీటీఎల్ ఒక్కటే నేర్పండి. కొన్న రోజున దాని అవుట్‌పుట్‌ను ఒక ఫైల్‌లో దాచి ఇంకో చోట పెట్టమనండి. ఆరు నెలలకు మళ్లీ తీసి పక్కపక్కన పెడితే అరుగుదల ఎంత జోరుగా ఉందో తెలిసిపోతుంది.