బుల్లెట్‌కి క్యాస్ట్ పిస్టనా, ఫోర్జ్‌డా?

పాత బుల్లెట్ 350 ఇంజన్ విప్పినోళ్ళందరికీ మన భీమవరం, అమలాపురం వైపు ఇదే డౌటు. క్యాస్ట్ అంటే కరిగించిన అల్యూమినియం అచ్చులో పోసింది, మామూలుగా సిలికాన్ ఎక్కువుంటది కాబట్టి వేడికి తక్కువ సాగుద్ది, బోరుకి (పిస్టన్ పైకీ కిందకీ ఆడే సిలిండర్ రంధ్రం) దగ్గరగా ఫిట్ చేయొచ్చు, పొద్దున్నే కిక్ కొట్టినా పెద్ద చప్పుడుండదు. ఫోర్జ్‌డ్ అయితే దిమ్మని ప్రెస్ కింద నొక్కి చేస్తారు, బలం ఎక్కువే కానీ చాలా వాటికి గ్యాప్ ఎక్కువ వదలాలి, చల్లగా ఉన్నప్పుడు టకటకమంటది, వేడెక్కాక సర్దుకుంటది, కంగారు పడకండి.

అసలు గొడవ బోరింగ్ దగ్గరే అండి, అంటే అరిగిన బోరుని కొత్త పిస్టన్ సైజుకి పెద్దది చేయడం. ముందు బోరు కొట్టించేసి తర్వాత పిస్టన్ కొంటానంటే కుదరదు, పిస్టన్ లేత్ వాళ్ళ చేతిలో పెట్టి, స్కర్ట్ (పిస్టన్ కింది గోడ భాగం) మైక్రోమీటర్‌తో కొలిపించి, పిస్టన్ కంపెనీ ఇచ్చిన క్లియరెన్స్ (పిస్టన్‌కీ బోరుకీ మధ్య గ్యాప్) ప్రకారం చేయమనాలి. క్యాస్ట్ కొలతకి చేసిన బోరులో ఫోర్జ్‌డ్ దూర్చారనుకోండి, మే నెల ఎండలో మేత బస్తాలేసుకుని చెరువు గట్టెక్కేసరికి పిస్టన్ బోరులో పట్టేసుద్ది.

70 ఎంఎం బోరు, 90 ఎంఎం స్ట్రోకు (పిస్టన్ పైనుంచి కిందకి కదిలే దూరం), నిదానంగా లాగే బండి ఇది, దీనికి ఫోర్జ్‌డ్ దండగే అంటాను, కంప్రెషన్ పెంచి రేసులాడేవాళ్ళ సంగతి వేరు. ఏదేసినా పిస్టన్ రింగుని బోరులోకి తోసి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) ఎండ్ గ్యాప్, అంటే రింగు రెండు కొసల మధ్య సందు, చూడకుండా బిగించనివ్వకండి.