పాత లోన్ స్కీముల డిమాండ్ లెటర్: గ్రూప్‌లో చేరాలా, సొంత లాయరా, సెటిల్‌మెంటా?

యూకేలో అంబ్రెల్లా కంపెనీల (కాంట్రాక్టర్లకు జీతం ఇచ్చే మధ్యవర్తి సంస్థల) ద్వారా కాంట్రాక్టింగ్ చేసినవాళ్లను ఇప్పుడు వేధిస్తున్న ప్రశ్న ఇదే: "అప్పట్లో ట్రస్టు నుంచి 'లోన్' పేరుతో వచ్చిన జీతం మీద పన్ను కట్టాం. ఇప్పుడు ఎవరో కంపెనీ ఆ లోన్లు కొనుక్కున్నామంటూ ఆ అప్పు అసలు మొత్తం కట్టమంటోంది. ఇలాంటి లెటర్లు అందుకున్నవాళ్లు కలిసి పెట్టుకున్న గ్రూప్‌లో చేరాలా, సొంతంగా తేల్చుకోవాలా?" లోన్ చార్జ్ (ఇలాంటి తీర్చని లోన్ల మీద యూకే పన్ను శాఖ వేసిన పన్ను) సంగతి ఈపాటికి అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది, ఆ పురాణం మళ్లీ విప్పను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. 2019 ఏప్రిల్ 5న పడిన లోన్ చార్జ్ పన్ను మాత్రమే, దాంతో అప్పు రద్దు కాలేదు. హెచ్‌ఎంఆర్‌సీతో (యూకే పన్ను శాఖ) సెటిల్ చేసుకున్నా అంతే. లోన్ వసూలు సివిల్ వ్యవహారం, తమకు సంబంధం లేదన్నదే ఆ శాఖ మాట. "2017లో రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కేసులో యూకే సుప్రీంకోర్టు అది జీతమేనని తేల్చింది కదా, ఇక లోన్ ఎక్కడిది?" అని అడిగేవాళ్లు చాలామంది. ఆ తీర్పు చెప్పింది ఆ డబ్బుకు ఉద్యోగ ఆదాయంగా పన్ను పడుతుందని. లోన్ పత్రాలు బూటకమని అది చెప్పలేదు. దాన్నొక్కదాన్నే నమ్ముకుని కోర్టుకెళ్తే నిలబడటం కష్టం.

అందరూ గ్రూప్‌లో ఎంతమంది ఉన్నారు, ఫీజెంత అని అడుగుతారు. నా లెక్కలో తేల్చేది అవేవీ కావు, మీ లోన్ పత్రం. అందులో మూడు చోట్ల చూడండి.

మొదటిది, తిరిగి చెల్లించే షరతు. ఇంగ్లండ్‌లో 1980 లిమిటేషన్ చట్టం (కేసు వేయడానికి గడువు పెట్టే చట్టం) ప్రకారం మామూలు ఒప్పందానికి గడువు 6 ఏళ్లు. పత్రంలో 'పదేళ్లకు చెల్లించాలి' అని తేదీ ఉంటే లెక్క ఆ తేదీ నుంచి. తేదీ లేకుండా, అడిగినప్పుడు కట్టాలనే షరతు కూడా లేకుండా ఉంటే సెక్షన్ 6 వర్తించవచ్చు. అప్పుడు రాతపూర్వకంగా అడిగిన రోజు నుంచే ఆరేళ్లు మొదలవుతాయి. 2008 నాటి లోన్ మీద నిన్న లెటర్ వచ్చినా 'పాతబడిపోయింది' అనలేకపోవడానికి కారణం ఇదే. రెండోది, అది డీడ్‌గా (సాక్షి ఎదుట సంతకం చేసే లాంఛన పత్రంగా) రాశారా అన్నది. డీడ్ అయితే గడువు 12 ఏళ్లు. మూడోది, ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్న క్లాజు. చాలా ట్రస్టులు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పెట్టినవి, లిమిటేషన్ లెక్క అక్కడి చట్టం ప్రకారం చూడాల్సి రావచ్చు.

ఈ మూడూ పక్కవాళ్ల పత్రంతో సరిపోతేనే గ్రూప్ వల్ల లాభం. అదే ట్రస్టు, అదే నమూనా, అదే బదలాయింపు అయితే లోన్ కొన్న కంపెనీకి నిజంగా హక్కు సంక్రమించిందా అన్న ప్రశ్నకు అందరికీ జవాబు ఒక్కటే. బదలాయింపు డీడ్ చూపించమనడం, 1925 ప్రాపర్టీ చట్టం సెక్షన్ 136 ప్రకారం నోటీసు సరిగా ఇచ్చారా అని పరీక్షించడం, లబ్ధిదారుల ఆస్తిని ట్రస్టీ (ట్రస్టును నడిపేవాడు) ఎంతకు, ఎందుకు అమ్మాడని నిలదీయడం... వీటికి కావలసిన బారిస్టర్ అభిప్రాయం ఖరీదైనది. ముప్పైమంది పంచుకుంటే భరించగలరు, ఒక్కరైతే నడుం విరుగుతుంది. అదే ప్రమోటర్ (స్కీము అమ్మినవాడు) స్కీమే అయినా ట్రస్టు వేరైతే మాత్రం అది గుంపులో గోవిందా వ్యవహారమే.

గ్రూప్ వల్ల ఇంకో మేలుంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నోరు జారకుండా కాపాడుతుంది. 'లోన్ తీసుకున్న మాట నిజమే కానీ ఇప్పుడు కట్టలేను' అని ఒక్క ఈమెయిల్ రాసి కింద పేరు పెట్టారంటే లిమిటేషన్ చట్టం సెక్షన్ 29 కింద అప్పు ఒప్పుకున్నట్టై గడువు మళ్లీ మొదటి నుంచి మొదలు కావచ్చు. 'మంచి మనసుతో' కట్టిన యాభై పౌండ్లైనా అదే పని చేస్తాయి. (అప్పటికే గడువు పూర్తిగా దాటిపోయి ఉంటే మాత్రం అప్పు తిరిగి బతకదు.) అందరి జవాబులూ ఒకే సాలిసిటర్ రాస్తే ఈ పొరపాటు జరగదు.

చేరే ముందు లాయర్‌తో కుదుర్చుకునే ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో కొన్ని చూడాలి. ఖర్చుల బాధ్యత ఎవరి వాటాకు వాళ్లదేనా, ఉమ్మడిదా? ఉమ్మడిదైతే పక్కవాడు చేతులెత్తేసినప్పుడు ఆ భారం మీ మీద పడుతుంది. ఒకరిద్దరి కేసు ముందు నడిపి చూద్దామంటే, ఓడిపోయినప్పుడు ఎదుటివాళ్ల ఖర్చులు అందరూ పంచుకుంటారని రాసుందా? ఇంకొక సంగతి, కౌంటీ కోర్టులో ఒకరు గెలిచినంత మాత్రాన మిగతావాళ్లు బయటపడరు. గ్రూప్ లిటిగేషన్ ఆర్డర్ (ఇలాంటి కేసులన్నిటినీ కలిపి నడిపే కోర్టు ఉత్తర్వు) గానీ, ఫలితానికి కట్టుబడతామని ఇరుపక్షాల ఒప్పందం గానీ ఉండాలి. 'అందరం స్టాండ్‌స్టిల్ ఒప్పందం మీద సంతకం పెడదాం' అంటే ఆగి ఆలోచించండి, దాంతో ఆగేది మీకు అనుకూలంగా నడుస్తున్న లిమిటేషన్ గడియారం. బారిస్టర్ అభిప్రాయాన్ని సభ్యులు కానివాళ్లున్న వాట్సాప్‌లో పెట్టడం ఇంకో తప్పు. గోప్యత హక్కు పోతుంది, ఆ మందలో ఎదుటి పక్షం మనిషి ఉండడని హామీ లేదు.

సొంత లాయర్ ఎప్పుడంటే, కోర్టు కాగితం చేతికొచ్చాక. గడువులు గ్రూప్ మీటింగు కోసం ఆగవు. కేసు వేసే ముందు పంపే ప్రీ-యాక్షన్ ప్రోటోకాల్ లెటర్‌కైతే 30 రోజులుంటాయి. రిప్లై ఫారంలో 'అప్పును వివాదం చేస్తున్నాను' అన్న గడి టిక్ చేసి, లోన్ ఒప్పందం, డబ్బు పంపిన ఖాతా లెక్క, బదలాయింపు డీడ్ అడగండి. క్లెయిమ్ ఫారం వచ్చిందంటే సర్వ్ అయిన నాటి నుంచి 14 రోజులు, అక్‌నాలెడ్జ్‌మెంట్ (క్లెయిమ్ అందిందన్న జవాబు) దాఖలు చేస్తే మొత్తం 28. స్టాట్యుటరీ డిమాండ్ (దివాలా పిటిషన్‌కు ముందు ఇచ్చే నోటీసు) అన్నిటికన్నా ప్రమాదం. కొట్టివేయమని దరఖాస్తు చేయడానికి 18 రోజులే, 21 రోజులు దాటితే దివాలా పిటిషన్ వేయొచ్చు. 5,000 పౌండ్ల అప్పు చాలు దానికి. మీ పత్రం అందరికన్నా భిన్నంగా ఉన్నా, సంతకమే మీది కాకపోయినా సొంత లాయరే మేలు.

సెటిల్‌మెంట్: మొత్తం 10,000 పౌండ్ల లోపైతే ఆలోచించవచ్చు. అది స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల కేసులు) కిందికి వస్తుంది, గెలిచినా లాయర్ ఖర్చులు సాధారణంగా తిరిగి రావు. పెద్ద మొత్తాల్లో తొందరపడొద్దు. 60,000 పౌండ్లకు కేసు వేయాలంటే వాళ్లు కోర్టు ఫీజే 5 శాతం, అంటే 3,000 పౌండ్లు ముందు కట్టాలి. వందలమంది మీద అలా వేయడం వాళ్లకూ తేలిక కాదు. సెటిల్ చేసుకుంటే ఫోన్ మాట పనికిరాదు. ప్రతి లోనూ తేదీతో, మొత్తంతో రాసిన విడుదల డీడ్ కావాలి, అందులో పాత ట్రస్టీ కూడా సంతకం పెట్టాలి. లేకపోతే రేపు ఇంకో కొనుగోలుదారు వస్తాడు. పన్ను తేలని సంవత్సరాల లోన్ రద్దయితే కొత్తగా పన్ను ప్రశ్న లేవచ్చు, ఆ ముక్క ముందే పన్ను సలహాదారును అడగండి. ఇప్పుడు లోన్ తిరిగి కట్టినా, కట్టేసిన లోన్ చార్జ్ వెనక్కి రాదు.

'ఫీజు కట్టండి, మీ లోన్ మాయం చేస్తాం' అనే కొత్త ప్రమోటర్ల జోలికి వెళ్లొద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయడం, ఇది ముఖ్యంగా హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చేసినవాళ్ల ధైర్యం. క్లెయిమ్ పాత లండన్ అడ్రసుకు వెళ్లి, జవాబు లేక డిఫాల్ట్ జడ్జిమెంట్ పడితే అది కోర్టు తీర్పుల రిజిస్టర్లో 6 ఏళ్లు ఉంటుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 44ఏ కింద యూకే హైకోర్టు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులోనే అమలుకు పెట్టొచ్చు. విచారణ లేకుండా వచ్చిన తీర్పును సెక్షన్ 13 కింద ఎదిరించే వీలుంది, కానీ అది ఇక్కడ ఇంకో కేసు, ఇంకో లాయరు. పాత అడ్రసుకు వచ్చే టపా చూసే స్నేహితుణ్ని పెట్టుకోండి, ట్రస్ట్ ఆన్‌లైన్‌లో (ఆ తీర్పుల రిజిస్టర్ వెతికే వెబ్‌సైట్) మీ పేరు మీద జడ్జిమెంట్ ఉందేమో కొద్దిపాటి రుసుముతో వెతకండి.