పదికి పది కలిసిన బయటి డోనరా, సగం కలిసిన తమ్ముడా: ఏది మేలు?

లుకేమియా (రక్త క్యాన్సర్) లాంటి జబ్బుకు వేరొకరి మూలకణాలు ఎక్కించే మార్పిడి (బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్) చేయాల్సి వచ్చినప్పుడు, పేషెంటుకూ డోనర్‌కూ పది కణ గుర్తుల్లో ఎన్ని కలిశాయో చెప్పే హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు చేతికి రాగానే చాలా కుటుంబాలు నన్ను అడిగే ప్రశ్న ఇదే. "డోనర్ల రిజిస్ట్రీలో పదికి పది కలిసిన డోనర్ కనబడ్డారట. ఇంట్లో తమ్ముడు పదికి ఐదే కలిశాడు. ఎవరి కణాలు తీసుకోవాలి?" పది ఉండగా ఐదు ఎందుకన్నది వాళ్ల అనుమానం. అంకె ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది.

తోబుట్టువు పూర్తిగా కలిస్తే, మరీ వయసు మళ్లితే తప్ప, పెద్దగా చర్చ అక్కర్లేదు. కానీ ఒక్కో తోబుట్టువు అలా కలిసే అవకాశం 25 శాతమే. బొడ్డుతాడు రక్తమూ ఉంది గానీ అందులో కణాలు తక్కువ, కొత్త రక్తం పుట్టడం ఆలస్యం. పెద్దవాళ్లకు ఈ రెండు దారులూ కుదరనప్పుడే దాని గురించి ఆలోచిస్తాను.

ముందు బయటి డోనర్ సంగతి. రిపోర్టులో ఒక వరుస దగ్గరగా చూడండి. పేషెంటుకు ఏ*24:02, డోనర్‌కు ఏ*24:07 అని ఉందనుకుందాం. పాత లెక్కలో ఇద్దరూ ఏ24 వాళ్లే, కలిసినట్టే. ఇప్పటి లెక్కలో కోలన్ తర్వాతి అంకె మారిందంటే ప్రోటీనే కాస్త వేరు. డోనర్ టీ-కణాలకు (పరాయివాటిని పట్టి చంపే తెల్లరక్తకణాలకు) అది పరాయిదిగా కనబడొచ్చు. పది కాస్తా తొమ్మిది అవుతుంది. పైగా ఈ పదిలో డీపీబీ1 జన్యువు లేదు. అది మిగతా వాటితో అంత గట్టిగా కలిసి రాదు కాబట్టి, పదికి పది కలిసిన బయటివాళ్లలో కూడా చాలామందితో కలవదు. అందులోనూ సర్దుకుపోయే తేడాలు కొన్ని, ప్రమాదం పెంచే తేడాలు కొన్ని. ఇద్దరు ముగ్గురు డోనర్లు దొరికితే డాక్టరును ఈ డీపీబీ1 గురించి తప్పకుండా అడగండి.

ఇక సగం మ్యాచ్. ఒకప్పుడు దీనికి భయపడేవాళ్లంటే కారణం ఉంది. జీవీహెచ్‌డీ (డోనర్ కణాలు పేషెంటు శరీరం మీదే దాడి చేయడం) తీవ్రంగా వచ్చేది, లేదంటే కణాలు నాటుకునేవి కావు. మార్పిడి తర్వాత 3, 4 రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చే పద్ధతి ఈ పరిస్థితిని మార్చేసింది. పరాయి కణాలను చూసి రెచ్చిపోయిన టీ-కణాలను ఆ మందు అణిచేస్తుంది. మూలకణాల్లో దాన్ని విరిచేసే ఎంజైమ్ ఎక్కువ కాబట్టి అవి బతికి బయటపడతాయి. ఇప్పుడు పూర్తిగా కలిసిన డోనర్లకు కూడా ఇదే మందు వాడుతున్నారు.

జీవీహెచ్‌డీకి ఇలా కళ్లెం పడ్డాక, నా దృష్టిలో తేల్చేది ఒకటే: జబ్బు తిరగబెట్టడం. ఒకే పోలిక కవలల మధ్య మార్పిడి జరిగితే అన్నీ కలుస్తాయి, జీవీహెచ్‌డీ దాదాపు ఉండదు. కానీ లుకేమియా తిరిగి రావడం మాత్రం ఎక్కువ. అంటే డోనర్‌కీ పేషెంటుకీ ఉన్న తేడాయే క్యాన్సర్ కణాల మీద మందుగా పనిచేస్తోందన్నమాట. అలాగని తేడా ఎంత పెరిగితే అంత మంచిదా? కాదు. క్యాన్సర్ కణం కూడా ఊరుకోదు. 2009లో ఇటలీ డాక్టర్లు సగం మ్యాచ్ తర్వాత జబ్బు తిరగబెట్టిన కొందరిలో ఒక విషయం గమనించారు. డోనర్ నాన్న అనుకోండి. పేషెంటు కణాల్లో అమ్మ నుంచి వచ్చిన హెచ్‌ఎల్‌ఏ భాగమే నాన్న టీ-కణాలకు గురి. లుకేమియా కణం 6వ క్రోమోజోములో సరిగ్గా ఆ భాగాన్ని వదిలేసి, నాన్న వైపు భాగాన్నే రెండు కాపీలు చేసుకుంటుంది. ఇక నాన్న కణాలకు అది సొంత మనిషిలా కనబడుతుంది. అప్పుడు మళ్లీ నాన్న లింఫోసైట్లు (టీ-కణాలు ఉండే తెల్లరక్తకణాలు) ఎక్కించి పెద్దగా లాభం లేదు. అమ్మ వైపు భాగం కలిసిన మరో డోనర్‌ను చూడాలి. అందుకే సగం మ్యాచ్ తర్వాత జబ్బు తిరిగొస్తే క్యాన్సర్ కణం ఆ భాగాన్ని వదిలేసిందా అని ముందు పరీక్ష చేయించమంటాను.

బయటి డోనర్, తమ్ముడు ఇద్దరూ ఈరోజే సిద్ధంగా ఉంటే నా ఓటు వయసులో ఉన్న, పూర్తిగా కలిసిన బయటి డోనర్‌కే. కానీ ఇద్దరూ ఒకేరోజు సిద్ధంగా ఉండటం అరుదు. రిజిస్ట్రీలో పేరు కనబడటం వేరు, ఆ మనిషి ఒప్పుకుని, మళ్లీ పరీక్షలు చేయించుకుని, కణాలు మన దాకా రావడం వేరు. వారాలు నెలలవుతాయి. తీవ్రమైన లుకేమియాలో రెమిషన్ (జబ్బు అణిగి ఉన్న దశ) అన్నాళ్లు ఆగకపోవచ్చు. ఎదురుచూస్తూ జబ్బును మళ్లీ తెచ్చుకోవడం కంటే చేతిలో ఉన్న సగం మ్యాచ్‌తో ముందుకెళ్లడం మేలని గట్టిగా నమ్ముతాను. రెండు వెతుకులాటలూ ఒకేరోజు మొదలుపెట్టండి, డాక్టరుతో కూర్చుని ఒక గడువు పెట్టుకోండి. ఆలోగా బయటి డోనర్ ఖాయం కాకపోతే తమ్ముడితో ముందుకెళ్లండి. తక్కువదానితో సరిపెట్టుకున్నామని బాధపడకండి.

ఇంట్లో సగం కలిసినవాళ్లు నలుగురైదుగురు ఉంటే చిన్న వయసువాళ్లను ఎంచుకోవడం మంచిది. బ్లడ్ గ్రూప్ వేరైనా అడ్డు కాదు. ఒక్క పరీక్ష మాత్రం వదలొద్దు: పేషెంటు రక్తంలో ఆ డోనర్ హెచ్‌ఎల్‌ఏకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయా అని. బాగా ఎక్కువగా ఉంటే కణాలు నాటుకోకపోవచ్చు. పేషెంటు పిల్లల్ని కన్న తల్లి, డోనర్ ఆమె కొడుకు అయితే ఇది మరీ ముఖ్యం. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డలోని తండ్రి భాగానికి ఆమె శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుని ఉండొచ్చు. కొడుకు ఎంత ఆరోగ్యంగా ఉన్నా, ఎంత ఇష్టంగా ముందుకొచ్చినా, ఆ రిపోర్టు వచ్చేదాకా తేదీ ఖాయం చేయొద్దు.