ఎండకు మెత్తబడే డ్యాష్ క్యామ్ స్టాండు: విశాఖలో కారున్నవారు జాగ్రత్త

త్రీడీ ప్రింటరుతో (ప్లాస్టిక్కును కరిగించి పొరలు పొరలుగా వస్తువులు చేసే యంత్రం) ఇంట్లో తయారుచేసిన డ్యాష్ క్యామ్ (ముందున్న రోడ్డును వీడియో తీసే కారు కెమెరా) స్టాండు కొన్నవారు, కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మే నెలలో నేను 850 రూపాయలు పెట్టి అలాంటిది ఒకటి కొన్నాను. కెమెరాతో వచ్చిన రబ్బరు కప్పు పట్టు వదిలేసి మాటిమాటికీ ఊడి పడుతుంటే విసిగిపోయి ఆ పని చేశాను. "ఏబీఎస్ ప్లాస్టిక్కు సార్, ఎంత ఎండకైనా చెక్కుచెదరదు" అని చెప్పి, అమ్మినాయనే ఇంటికి వచ్చి రెండువైపులా అంటుకునే నురగ టేపుతో డ్యాష్‌బోర్డు మీద బిగించి వెళ్లాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది.

రెండో ఆదివారం అమ్మను తీసుకుని భీమిలి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో రుషికొండ దగ్గర బండి ఎండలో ఆపి రెండు గంటలు తీరం వెంట గడిపాం. వచ్చి తలుపు తీస్తే స్టాండు మెడ కాస్త ముందుకు వాలినట్టు కనిపించింది. చేత్తో సరిచేశాను. అప్పుడే తీసి పక్కన పెట్టాల్సింది. సాగర్ నగర్ దాటి, జోడుగుళ్లపాలెం దగ్గర మలుపు తిరుగుతుంటే కెమెరాను పట్టుకున్న కొక్కెం విచ్చుకుపోయింది. కెమెరా డ్యాష్‌బోర్డు మీద జారి, గేరు రాడ్డుకు తగిలి, నా కాళ్ల దగ్గర పడింది. బ్రేకు తొక్కితే పెడల్ సగంలో ఆగింది. కింద కెమెరా ఇరుక్కుంది. ముందు బస్సు లేదు కాబట్టి, వేగం తక్కువ కాబట్టి, హ్యాండ్ బ్రేకు లాగి పక్కకు ఆపగలిగాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి విరిగిన కొక్కెం ముక్కను తీసుకుని పరీక్షించాను. నీళ్లు కాచి, వంటింట్లో ఉన్న థర్మామీటరు 70 డిగ్రీలు చూపించేవరకు ఆగి, ముక్కను అందులో వేశాను. నిమిషం తిరక్కుండానే చెంచాతో నొక్కితే జంతికల పిండిలా వంగింది. నిజమైన ఏబీఎస్ మెత్తబడాలంటే 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లాలి. 60 డిగ్రీల దగ్గరే లొంగిపోయేది పీఎల్‌ఏ అనే రకం. ముద్రించడం సులువు, ధర తక్కువ, అందుకే ఇళ్లలో ప్రింటర్లు పెట్టుకున్నవారు ఎక్కువగా దాన్నే వాడతారు. బొమ్మలకూ పెన్నుల స్టాండ్లకూ అది మంచిదే. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటగలదు. అక్కడ అది నిలవదు.

అమ్మినాయనకు ఫోను చేస్తే "బండి నీడలో పెట్టుకోవాలి కదా సార్" అన్నాడు. కొనేటప్పుడు ఆ మాట అనలేదు. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. 850 రూపాయలు పోయినందుకు కాదు నా బాధ, ఏబీఎస్ అని అబద్ధం చెప్పినందుకు. కొనేముందు ఒక చిన్న ముక్క విడిగా అడగండి. పైన చెప్పినట్టు వేడి నీళ్లలో వేసి చూడండి. ముక్క ఇవ్వడానికి వెనకాడితే అక్కడితో వదిలేయండి.

దీనికంటే పెద్ద తప్పు మరుసటి వారం ఆటోనగర్‌లో బయటపడింది. మా మెకానిక్ డ్యాష్‌బోర్డు మీద మిగిలిన టేపు చూసి, "ఇక్కడ ఎవరు అంటించారండీ?" అని కోప్పడ్డాడు. ఎడమవైపు 'ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్' అని అచ్చుపోసిన అక్షరాలకు నాలుగు వేళ్ల దూరంలో, సరిగ్గా ఎయిర్‌బ్యాగ్‌ను కప్పి ఉంచే మూత మీదే, స్టాండు అంటించాడు అమ్మినాయన. బండి దేనికైనా ఢీకొంటే ఆ మూత చీలి, సెకనులో ఇరవయ్యో వంతులో సంచి విచ్చుకుంటుంది. మూత మీద గట్టి వస్తువు ఏదున్నా ఎదురు సీట్లో ఉన్నవారి ముఖం మీదికి దూసుకొస్తుంది. ఆ సీట్లో కూర్చున్నది మా అమ్మ. 2022 నుంచి తయారైన కార్లన్నిటిలోనూ ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కాబట్టి మీ కారులోనూ ఆ మూత ఉండే ఉంటుంది. ఇప్పుడే వెళ్లి చూసుకోండి. పక్క అద్దాల పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే కెమెరా వైరును దాని మీదుగా లాగనివ్వకండి.

ఇంట్లో చేసుకోవడమే తప్పని నేననను. ఇప్పుడు నా కారులో ఉన్నది నేను చేసుకున్నదే. పూర్ణా మార్కెట్‌లో అంగుళం వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పట్టీ కొని, వైసులో బిగించి వంచాను. అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీశాను. కెమెరాకూ పట్టీకీ మధ్య రబ్బరు వాషరు వేశాను, లేకపోతే గతుకుల్లో వీడియో వణుకుతుంది. ముందు అద్దానికి, వెనుక వచ్చే బండ్లను చూసుకునే లోపలి అద్దం వెనుక, చూపుకు అడ్డురాని చోట వీహెచ్‌బీ టేపుతో (రెండువైపులా చాలా గట్టిగా అంటుకునే టేపు) అంటించాను. అద్దం పైభాగంలో నల్ల చుక్కలు ఉండే చోట టేపు సరిగా పట్టదు, దాని కింద శుభ్రమైన గాజు మీదే అంటించాలి.

మన ఊళ్లో ఇంకో సంగతి కూడా ఉంది. సముద్రం గాలికి అద్దం లోపలివైపు జిడ్డులాంటి పొర పేరుకుంటుంది. వేలితో రాస్తే గీత పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, పూర్తిగా ఆరాకే టేపు వేయండి. అర నిమిషం గట్టిగా నొక్కి పట్టండి. కెమెరా వెంటనే తగిలించకండి, ఒక రోజు ఆగండి. ఆ టేపు పూర్తి బలం పుంజుకోవడానికి మూడు రోజులు పడుతుంది.

ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఇప్పటికే అంటించి ఉంటే స్క్రూడ్రైవరుతో పెళ్లగించకండి, మూత పగులుతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో టేపును కొద్దిగా వేడిచేసి, గాలానికి వాడే సన్నని నైలాను దారాన్ని స్టాండు కిందికి పోనిచ్చి, రెండు చేతులతో అటూ ఇటూ రంపంలా లాగండి. పది నిమిషాల్లో ఊడి వస్తుంది. అప్పటిదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకండి.