చమురు తెట్టు పట్టడానికి ఏది మేలు: సెంటినెల్-1 రాడారా, సెంటినెల్-2 ఫొటోనా?

రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలనీ నీటినీ పరిశీలించడం) ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్లలు తరచూ అడిగేది ఇదే. సెంటినెల్-1, సెంటినెల్-2 రెండూ యూరప్ ఉపగ్రహాలు: మొదటిది రాడార్‌తో చూస్తుంది, రెండోది మామూలు వెలుతురులో ఫొటో తీస్తుంది. రెండింటి చిత్రాలూ ఉచితమే కాబట్టి డబ్బు లెక్క లేదు. రాడార్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది గనక అదే మేలని అందరూ టక్కున చెప్పేస్తారు. నా ఓటూ రాడార్‌కే, కానీ మబ్బు ఒక్కటీ చూసుకుంటే సరిపోదు. అసలు తేల్చేది గాలి.

రాడార్‌కి కనిపించేది చమురు కాదు, అలలు. గాలికి లేచే కొన్ని సెంటీమీటర్ల చిరు అలలే సంకేతాన్ని తిప్పి పంపుతాయి. చమురు వాటిని అణిచేస్తే ఆ మేర నల్లమచ్చ పడుతుంది. గాలి సెకనుకు రెండు మూడు మీటర్లు కూడా లేకపోతే సముద్రమంతా నలుపే, తెట్టు ఎక్కడని వెతుకుతారు? పది పన్నెండు మీటర్లు దాటితే తెట్టు చెదిరి నీళ్లలో కలిసిపోతుంది.

2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే సరుకు ఓడ మునిగినప్పుడు అందులో 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ ఉన్నాయి. అంతకు ముందు రోజే కేరళను రుతుపవనాలు తాకాయి. అలాంటి వాతావరణంలో సెంటినెల్-2 తెరిస్తే మబ్బులే కనిపిస్తాయి. సెంటినెల్-1 పనికొస్తుంది, కానీ వానగాలి జోరెక్కితే దానికీ కష్టమే. అందుకే చిత్రం తెరవకముందే ఆ పూట గాలి వేగం చూడండి. మన ఉపగ్రహం ఓషన్‌శాట్-3లో స్కాటరోమీటర్ (సముద్రం మీద గాలిని కొలిచే పరికరం) ఉన్నది అందుకే.

నల్లగా ఉన్నదల్లా చమురూ కాదు. ప్లవకాల (నీళ్లలో తేలే సూక్ష్మజీవుల) జిడ్డు, వాన పడిన చోటు, గాలి ఆగిన చోటు అన్నీ అలాగే కనిపిస్తాయి. మధ్యస్థమైన గాలిలో, ఓడ వెనక సన్నగా సాగిన గీతైతే నేను నమ్ముతాను.

సెంటినెల్-2 బలం వేరు. ఆకాశం తేటగా ఉంటే 10 మీటర్ల వివరంతో రంగు కూడా చూపిస్తుంది. పొర ఎంత మందమో ఊహించడానికి ఆ రంగే ఆధారం, రాడార్ ఆ సంగతి సరిగ్గా చెప్పలేదు. 2020 ఆగస్టులో మారిషస్ దగ్గర వకాషియో ఓడ కార్చిన చమురు ఇలాంటి చిత్రాల్లో స్పష్టంగా కనిపించింది. కాకపోతే పగలే, అదీ పొద్దున పదిన్నర ప్రాంతంలోనే.

నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం నైసార్ గురించి కూడా అడుగుతున్నారు. దాని ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు, చమురు గట్టిగా అణిచేది అంతకన్నా చిన్న అలల్ని. ఈ పనికి సెంటినెల్-1 వాడే పొట్టి తరంగం, సీ-బ్యాండే నయం.

సెంటినెల్-1 దింపుకునేటప్పుడు వీవీ పోలరైజేషన్ (తరంగాన్ని నిలువుగా పంపి నిలువుగానే అందుకున్న చిత్రం) తీసుకోండి. నిలువుగా పంపి అడ్డంగా అందుకునే వీహెచ్‌లో సముద్రం ఎలాగూ నల్లగానే ఉంటుంది, మచ్చ తేలదు.